ఎస్‌ఈ పరీక్షకు ఏ పుస్తకాలు కొనాలి, ఏవి కొనకూడదు

ఎస్‌ఈ (అమెరికాలో స్ట్రక్చరల్ ఇంజనీర్ లైసెన్సు పరీక్ష) రాద్దామని నిర్ణయించుకున్న రోజు రాత్రే చాలామంది కూర్చుని పుస్తకాలు ఆర్డర్ పెట్టేస్తారు. నేనూ అదే చేశాను. వారం తిరగకుండానే టేబుల్ మీద తొమ్మిది పుస్తకాలు, రెండు బైండర్లు, ఎవరో వాడి అమ్మేసిన నోట్సు కట్ట ఒకటి చేరాయి. వాటిని చూస్తుంటే సగం చదివేసినంత ధైర్యం వచ్చేది. మూడు నెలల తర్వాత లెక్క చూసుకుంటే ఆ తొమ్మిదింట్లో పేజీలు నలిగినవి మూడే. మిగతా వాటిలో ఒకటి నన్ను తప్పుదారి కూడా పట్టించింది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ఈ పరీక్షకు మెటీరియల్ దొరక్క ఎవరూ ఇబ్బంది పడరు, మరీ ఎక్కువ దొరికి ఇబ్బంది పడతారు. కాబట్టి కొనే పనిని వీలైనంత వెనక్కి నెట్టండి. దానికి ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

పరీక్ష మారింది, మెటీరియల్ అవసరం కూడా మారింది

అమెరికాలో స్ట్రక్చరల్ ఇంజనీర్ లైసెన్సు కోసం ఎన్‌సీఈఈఎస్ (ఇంజనీర్ల లైసెన్సు పరీక్షలు నిర్వహించే సంస్థ) పెట్టే పీఈ స్ట్రక్చరల్ పరీక్షనే అందరం ఎస్‌ఈ అంటాం. ఇల్లినాయ్ రాష్ట్రం 1915లోనే స్ట్రక్చరల్ ఇంజనీర్లకు విడిగా లైసెన్సు పెట్టింది. ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఏ కట్టడానికి ఎస్‌ఈ తప్పనిసరో ఆయా రాష్ట్ర బోర్డు చెబుతుంది. కాలిఫోర్నియాలో ఆసుపత్రులు, ప్రభుత్వ బడులు డిజైన్ చేయాలంటే అది ఉండాల్సిందే. మీకు అసలు ఈ లైసెన్సు అవసరమా లేదా అన్నది ముందు మీ బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఇక్కడ ఆ చర్చలోకి వెళ్లడం లేదు.

మెటీరియల్ విషయంలో గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ 2024 ఏప్రిల్. అంతకుముందు ఇది రెండు రోజుల్లో పదహారు గంటలు కాగితం మీద రాసే పరీక్ష. ఒక రోజు వర్టికల్ (బరువులు), మరో రోజు లేటరల్ (గాలి, భూకంపం లాంటి పక్క బలాలు). సూట్‌కేసు నిండా పుస్తకాలు, వాటికి రంగురంగుల ట్యాబ్‌లు అంటించుకుని మోసుకెళ్లేవాళ్లు. 2024 ఏప్రిల్ నుంచి పరీక్ష కంప్యూటర్ మీదకు మారింది. వర్టికల్ బ్రెడ్త్, లేటరల్ బ్రెడ్త్, వర్టికల్ డెప్త్, లేటరల్ డెప్త్ అని నాలుగు సెక్షన్లు. బ్రెడ్త్‌లో చాలా అంశాల మీద చిన్న ప్రశ్నలు, డెప్త్‌లో పెద్ద సమస్యలు. డెప్త్‌కు బిల్డింగ్స్, బ్రిడ్జెస్‌లో ఒకటి ఎంచుకోవాలి. మీ పుస్తకాలేవీ లోపలికి రానివ్వరు. కోడ్ పుస్తకాలు (డిజైన్ నియమాల పుస్తకాలు) తెర మీదే పీడీఎఫ్‌లుగా కనిపిస్తాయి.

దీంతో పుస్తకం కొనే లెక్కే మారిపోయింది. పాత రోజుల్లో 'పరీక్ష హాల్లో పక్కన ఉంటే పనికొస్తుంది' అనుకుని కొన్న పుస్తకాలు చాలా ఉండేవి. ఫార్ములాల సంకలనాలు, చార్టుల పుస్తకాలు, ట్యాబ్ సెట్లు, ఇండెక్స్ బైండర్లు అలాంటివే. ఇప్పుడు అవి ఇంట్లోనే ఉండిపోతాయి. చదివి బుర్రలోకి ఎక్కించుకునే పుస్తకాలకే డబ్బు పెట్టండి. సీనియర్లు ప్రేమగా ఇచ్చే లిస్టులు చాలావరకు కాగితం పరీక్ష నాటివి. థ్యాంక్స్ చెప్పి తీసుకోండి, కానీ ఆ లిస్టు చూసి కొనకండి.

ముందు ఒక్క డాలర్ కూడా ఖర్చు పెట్టకుండా

ఎన్‌సీఈఈఎస్ వెబ్‌సైట్‌లో పీఈ స్ట్రక్చరల్ పేజీకి వెళ్లి రెండు పత్రాలు ప్రింట్ తీసుకోండి. ఒకటి పరీక్ష స్పెసిఫికేషన్, అంటే ఏ సెక్షన్‌లో ఏ అంశాలు, వాటికి ఎంత వాటా అన్నది. రెండోది డిజైన్ స్టాండర్డ్స్ జాబితా, అంటే ఏ కోడ్, ఏ ఎడిషన్ అన్నది. రెండూ ఉచితమే. ఈ రెండు కాగితాలు మీ గోడ మీద ఉండాలి, ఎందుకంటే ఏ పుస్తకం చేతికొచ్చినా మొదట వీటి పక్కన పెట్టి చూడాలి.

స్పెసిఫికేషన్ కాగితం మీద ఒక గంట కూర్చోండి. ప్రతి అంశం పక్కన పెన్సిల్‌తో మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: రోజూ ఆఫీసులో చేసేది, కాలేజీలో చదివి మరిచిపోయింది, ఎప్పుడూ ముట్టుకోనిది. మొదటి గుర్తు పడిన అంశాలకు పుస్తకం కొనక్కర్లేదు. అయిదేళ్లుగా స్టీల్ ఫ్రేములే చేస్తున్నవాళ్లు స్టీల్ డిజైన్ పుస్తకం కొనడం నేను చాలాసార్లు చూశాను. తెలిసిన సబ్జెక్ట్ చదువుతుంటే హాయిగా ఉంటుంది కదా! కానీ మార్కులు పోయేది మూడో గుర్తు దగ్గర.

మన దేశంలో బీటెక్ చేసి వచ్చినవాళ్లకు ఆ మూడో గుర్తు దాదాపు ఎప్పుడూ రెండు చోట్లే పడుతుంది: వుడ్, మేసన్రీ. మన కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456, స్టీల్ కోడ్ ఐఎస్ 800 చదివాం గానీ కలపతో షియర్ వాల్ (పక్క బలాలను ఆపే గోడ) కట్టడం, గ్రౌట్ నింపిన బ్లాక్ గోడకు డిజైన్ చేయడం మనకు ఎవరూ నేర్పలేదు. ఈ రెండింటికీ మొదటి నుంచి మొదలుపెట్టే పుస్తకం కావాలి. సమస్యల పుస్తకంతో నేరుగా దిగితే మునిగిపోతారు. ఇంకో చిన్న చిక్కు కూడా ఉంది. ఐఎస్ 456లో కాంక్రీట్ బలం క్యూబ్ మీద చెబుతారు, అమెరికా కాంక్రీట్ కోడ్ ఏసీఐ 318లో సిలిండర్ మీద. సిలిండర్ బలం క్యూబ్ బలంలో సుమారు 80 శాతం ఉంటుంది కాబట్టి మన ఎం25 ఇక్కడ 20 మెగాపాస్కల్, అంటే దాదాపు 2,900 పీఎస్‌ఐ. అలాగే మన కోడ్‌లో మెటీరియల్‌కు 1.5, 1.15 అని విడివిడి సేఫ్టీ ఫ్యాక్టర్లు వేస్తే, ఇక్కడ మొత్తం సామర్థ్యాన్ని ఒకే ఫై ఫ్యాక్టర్‌తో తగ్గిస్తారు. పాత అలవాటులో రెండింటినీ కలిపేసేవాళ్లు ఉన్నారు. అందుకే అమెరికా యూనిట్లు కిప్స్ (వెయ్యి పౌండ్లు), కేఎస్‌ఐ, పీఎస్‌ఎఫ్‌లలోనే లెక్కలు చేయించే పుస్తకం తీసుకోండి. ఎస్‌ఐ యూనిట్లలో ఉన్నది ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.

ఎడిషన్: అసలు గండం ఇక్కడే

నన్ను తప్పుదారి పట్టించిన పుస్తకం సంగతి ఇదే. లోడ్ల మీద వాడిన పుస్తకం ఒకటి చవగ్గా దొరికింది. సమస్యలు బాగున్నాయి, వివరణ కూడా చక్కగా ఉంది. రెండు వారాలు గాలి లెక్కలన్నీ దాంట్లోంచే చేశాను. అది ఏఎస్‌సీఈ 7 (కట్టడాల మీద లోడ్లు చెప్పే కోడ్) 2005 ఎడిషన్, అంటే 7-05 కాలం నాటిది. దాంట్లో గాలికి లోడ్ ఫ్యాక్టర్ (లోడ్‌ను పెంచే గుణకం) 1.6. నేను మాత్రం గాలి వేగాన్ని కొత్త మ్యాప్‌లోంచి తీసుకుంటున్నాను.

ఏఎస్‌సీఈ 7-10 దగ్గర ఏమైందంటే, ఆ 1.6ను మ్యాప్‌లోకే ఎక్కించేశారు. దేశం మధ్యలో చాలా చోట్ల 90 మైళ్లు ఉన్న వేగం, మామూలు భవనాలకు 115 మైళ్లు అయింది. ఎందుకో చూడండి: గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 90ని రూట్ 1.6తో గుణిస్తే 113.8 వస్తుంది, దాన్ని సర్ది 115 పెట్టారు. లోడ్ ఫ్యాక్టర్ 1.0కు దిగింది. నేను కొత్త మ్యాప్ 115నూ, పాత పుస్తకం 1.6నూ కలిపి వాడాను. జవాబు ప్రతిసారీ అరవై శాతం ఎక్కువ. పుస్తకంలో అచ్చయిన జవాబుతో కలవకపోతే 'ఎక్కడో గుణకారం తప్పాను' అనుకునేవాణ్ని. పట్టుకునేసరికి రెండు వారాలు పోయాయి.

అలాగని కొత్తదే మంచిదని కూడా అనుకోకండి. పరీక్షలో వాడే ఎడిషన్ సాధారణంగా మార్కెట్లో ఉన్న తాజా ఎడిషన్ కంటే వెనకే ఉంటుంది. ఆఫీసులో మీరు కొత్త కోడ్ వాడుతూ, పరీక్షకు పాత కోడ్ చదవాల్సి రావచ్చు. తేడా ఎంత ఉంటుందో ఒక లెక్క చేసి చూపిస్తాను. స్టిరప్‌లు (అడ్డ రింగులు) లేని మందపాటి వన్-వే స్లాబ్‌లో ఒక అడుగు పట్టీ తీసుకోండి. వెడల్పు 12 అంగుళాలు, ఎఫెక్టివ్ డెప్త్ 20 అంగుళాలు, కాంక్రీట్ 4,000 పీఎస్‌ఐ, స్టీల్ నిష్పత్తి 0.004. ఏసీఐ 318-14లోని సింపుల్ సూత్రం ప్రకారం కాంక్రీట్ షియర్ బలం, ఫై వేయకముందు, 30.4 కిప్స్. అదే పట్టీకి 318-19 సూత్రంలో స్టీల్ నిష్పత్తి ఘనమూలం, సైజ్ ఎఫెక్ట్ ఫ్యాక్టర్ రెండూ వచ్చి చేరతాయి. ఈ డెప్త్‌కు సైజ్ ఫ్యాక్టర్ 0.816. మొత్తం మీద వచ్చేది 15.7 కిప్స్. అదే స్లాబ్, అదే కాంక్రీట్, బలం మాత్రం దాదాపు సగం. రెండు జవాబులూ ఆప్షన్లలో కనిపిస్తే మీరు ఏది నొక్కుతారన్నది మీరు చదివిన పుస్తకం మీద ఆధారపడి ఉంటుంది.

కలపలోనూ ఇలాంటిదే ఉంది. ఎస్‌డీపీడబ్ల్యూఎస్ (గాలి, భూకంపాలకు కలప కోడ్) 2015లో షియర్ వాల్‌కు భూకంపానికి ఒక విలువ, గాలికి ఒక విలువ పట్టికలో విడివిడిగా ఉంటాయి. ఏఎస్‌డీ (అలవబుల్ స్ట్రెస్ డిజైన్) పద్ధతిలో రెండింటినీ 2.0తోనే భాగిస్తారు. 2021 ఎడిషన్‌లో పట్టికలో ఒకే విలువ ఇచ్చి, భూకంపానికి 2.8తో, గాలికి 2.0తో భాగించమన్నారు. ఒక ఎడిషన్ పట్టికను ఇంకో ఎడిషన్ భాజకంతో కలిపితే జవాబు గల్లంతే. మంచు లోడ్ విషయంలో కూడా ఏఎస్‌సీఈ 7-22 అదే పని చేసింది. లోడ్ ఫ్యాక్టర్‌ను 1.6 నుంచి 1.0కు దించి, ఆ తేడాను మ్యాప్ విలువల్లోకి నెట్టింది.

పుస్తకం అట్ట మీద 'తాజా కోడ్ ప్రకారం' అని ఉంటే నమ్మకండి, లోపల చూడండి. నేను వాడే చిట్కా ఒకటి ఉంది. కాంక్రీట్ పుస్తకం తెరిచి భూకంప డీటెయిలింగ్ దగ్గరికి వెళ్లండి. 21వ అధ్యాయం అని రాసి ఉంటే అది ఏసీఐ 318-11 లేదా అంతకంటే పాతది. 318-14లో పుస్తకం మొత్తాన్ని తిరగరాసి ఆ విషయాన్ని 18వ అధ్యాయంలో పెట్టారు. అట్ట మార్చి, లోపల సగం మాత్రమే సరిచేసిన పుస్తకాలు ఇక్కడ దొరికిపోతాయి.

కోడ్ పుస్తకాలు ఎక్కడ చదవాలి

నా దృష్టిలో ఈ పరీక్షకు అసలు పాఠ్యపుస్తకం కోడే. మిగతావన్నీ దాన్ని చదవడం నేర్పేవి. పరీక్షలో మీ ముందు ఉండే పుస్తకం కూడా అదొక్కటే.

అన్నీ కొనాల్సిన పని లేదు. ఐబీసీని (భవనాల కోడ్) దాన్ని తెచ్చే ఐసీసీ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. కలపకు సంబంధించిన ఎన్‌డీఎస్, ఎస్‌డీపీడబ్ల్యూఎస్‌లను అమెరికన్ వుడ్ కౌన్సిల్ తన సైట్‌లో చదువుకోవడానికి పెట్టింది. ఏఐఎస్‌సీ తెచ్చిన స్టీల్ కోడ్ 360, భూకంపానికి సంబంధించిన 341 పీడీఎఫ్‌లు ఏఐఎస్‌సీ సైట్‌లోనే ఉచితం. స్టీల్ మాన్యువల్ మాత్రం కొనాలి. ఏఎస్‌సీఈ 7, ఏసీఐ 318, టీఎంఎస్ 402 (మేసన్రీ), ఆష్టో (బ్రిడ్జి) పుస్తకాలు డబ్బు పెట్టి కొనాల్సినవే. అవి చాలా ఆఫీసుల్లో ఉంటాయి, ముందు మీ మేనేజర్‌ని అడగండి. సంస్థ సబ్‌స్క్రిప్షన్ ఉంటే ఇంటి నుంచి కూడా తెరవచ్చేమో కనుక్కోండి. అడగడానికి మొహమాటపడి సొంత డబ్బుతో కొన్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ని.

కాగితం పుస్తకం ఇష్టమైనా, చదువు మాత్రం పీడీఎఫ్ మీదే చేయండి. దీనికి ఒక అభ్యాసం చెబుతాను. ఏఎస్‌సీఈ 7 పీడీఎఫ్‌లో 'కలెక్టర్' (పక్క బలాన్ని ఫ్లోర్ నుంచి పోగుచేసి గోడకు అందించే మెంబర్) అన్న మాట వెతకండి. కుప్పలుగా ఫలితాలు వస్తాయి, వాటిలో మీకు కావాల్సింది ఒక్కటే. అదే డయాఫ్రమ్‌లూ కలెక్టర్లూ 12.10లో ఉంటాయని తెలిస్తే నేరుగా అక్కడికి వెళ్తారు. భూకంప లెక్కల్లో వాడే ఆర్, ఒమేగా, సీడీ గుణకాల విలువలు పట్టిక 12.2-1లో, ఇర్రెగ్యులారిటీలు 12.3లో, ఈక్వివలెంట్ లేటరల్ ఫోర్స్ పద్ధతి 12.8లో, గోడల యాంకరేజ్ 12.11లో ఉంటాయి. స్ట్రక్చర్ కాని భాగాలు 13వ అధ్యాయం, మంచు 7వ అధ్యాయం, గాలి 26 నుంచి మొదలు. ఈ అడ్రసులు నోటికి రావాలి. వెతుకు పెట్టెలో టైప్ చేయడం చివరి దారి. ఒక స్నేహితుడితో కూర్చుని, అతను అంశం పేరు చెబితే మీరు నిమిషంలోపు ఆ పేజీ తెరవాలి అన్న ఆట ఆడండి. వారంలో రెండుసార్లు పావుగంట చాలు.

సమస్యల పుస్తకానికి ఇరవై నిమిషాల పరీక్ష

కొనే ముందు ఏ పుస్తకాన్నైనా ఇలా చూడండి. అమెజాన్‌లో కొన్ని పేజీలు చూపిస్తే అవే చాలు, లేకపోతే లైబ్రరీలోనో, ఇప్పటికే కొన్న కొలీగ్ దగ్గరో ఒక గంట అరువు తెచ్చుకోండి. మీకు బాగా తెలిసిన అంశం నుంచి ఒకటి, అసలు తెలియని అంశం నుంచి ఒకటి, రెండు సమస్యలు ఎంచుకోండి. మొదటిది పుస్తకం తప్పులు పట్టుకోవడానికి, రెండోది అది మీకు నేర్పగలదా అన్నది తేల్చుకోవడానికి.

నేను ఎప్పుడూ ఎంచుకునే సమస్య కలెక్టర్ డిజైన్. సీస్మిక్ డిజైన్ కేటగిరీ డీ (భూకంప ముప్పు ఎక్కువున్న వర్గం), కాంక్రీట్ స్పెషల్ షియర్ వాల్ భవనం, కలెక్టర్‌లో భూకంప బలం 40 కిప్స్ అనుకుందాం. చెత్త పుస్తకం ఆ 40కే డిజైన్ చేసి వదిలేస్తుంది. మోస్తరు పుస్తకం ఒమేగా (ఓవర్‌స్ట్రెంగ్త్ గుణకం) 2.5 తీసుకుని 100 కిప్స్ అని చెబుతుంది. మంచి పుస్తకం ఆ 2.5 ఏ పట్టికలోంచి వచ్చిందో చూపించి, కేటగిరీ సీ నుంచి ఎఫ్ వరకూ ఈ ఓవర్‌స్ట్రెంగ్త్ నిబంధన 12.10.2.1లో ఉందని చెప్పి, 'భవనం మొత్తం లైట్-ఫ్రేమ్ షియర్ వాల్స్‌తో ఉంటే ఇది వర్తించదు' అన్న మినహాయింపును కూడా ఒక వాక్యంలో చెబుతుంది. పరీక్షలో ప్రశ్న వచ్చేది తరచూ ఆ మినహాయింపు మీదే. అందుకే జవాబు పక్కన సెక్షన్ నంబర్ లేని పుస్తకాన్ని నేను కొనను. ఎంత తక్కువకి వచ్చినా సరే.

ఇంకో రెండు చూడండి. ఎర్రాటా (తప్పొప్పుల) పేజీ ఉందా, దాన్ని ఇప్పటికీ అప్‌డేట్ చేస్తున్నారా? సమస్యల పుస్తకంలో తప్పులు లేకుండా ఉండవు. తప్పులను బయటపెట్టే ప్రచురణకర్తనే నమ్మాలి. రెండోది, జవాబు ఎలా ఇచ్చారన్నది. ఇప్పటి పరీక్షలో నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే ప్రశ్నలే కాకుండా, సంఖ్య టైప్ చేసేవి, బొమ్మలో సరైన చోట క్లిక్ చేసేవి, లాగి వదిలేవి కూడా ఉంటాయి. ఆప్షన్లు చూసి వెనక్కి లెక్కవేసే అలవాటు ఉంటే సంఖ్య టైప్ చేసే ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఆప్షన్లను కాగితంతో మూసి చేయడం మొదలుపెట్టండి.

ఉచితంగా దొరికే వాటిలో ఏది బంగారం

భూకంపం విషయంలో డబ్బు పెట్టి కొన్న ఏ పుస్తకం కంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది అమెరికా విపత్తుల సంస్థ ఫీమా పెట్టిన డిజైన్ ఉదాహరణలు. 2009 నీహర్ప్ (భూకంప డిజైన్) నిబంధనలకు పీ-751, 2015 వాటికి పీ-1051, 2020 వాటికి పీ-2192 ఉన్నాయి. ఆ నిబంధనలే వరుసగా ఏఎస్‌సీఈ 7-10, 7-16, 7-22లకు ఆధారం. పరీక్ష ఏ ఎడిషన్ మీద ఉందో దానికి దగ్గరగా ఉన్నదే తీసుకోండి. మొత్తం చదవాలని కూర్చుంటే ఏడాది పడుతుంది. మీ మూడో గుర్తు పడిన అంశాల అధ్యాయాలు మాత్రం కాగితం, పెన్నుతో చేసుకుంటూ వెళ్లండి. స్పెషల్ మొమెంట్ ఫ్రేములు, బ్రేస్డ్ ఫ్రేములు, డయాఫ్రమ్‌ల మీద అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తెచ్చిన టెక్నికల్ బ్రీఫ్‌లు కూడా ఉచితమే. డీటెయిలింగ్ ఎందుకలా ఉంటుందో వాటిలో చెప్పినంత విడమర్చి ఇంకెక్కడా చెప్పలేదు. డెప్త్ సెక్షన్‌కు ఇవి తప్పకుండా చదవాలి.

స్టీల్‌కు ఏఐఎస్‌సీ సైట్‌లో డిజైన్ ఎగ్జాంపుల్స్ అని ఉచితంగా ఉంటాయి. మాన్యువల్ ఎడిషన్‌కు సరిపోయే వెర్షన్ చూసి దించుకోండి. ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ బ్రిడ్జి ఉదాహరణలు పద్ధతి అర్థం చేసుకోవడానికి బాగుంటాయి గానీ చాలా ఏళ్ల కిందటివి. సంఖ్యలు వాటిలోంచి తీసుకోకండి.

బిల్డింగ్స్ వాళ్లకు బ్రిడ్జి పుస్తకం మొత్తం కొనే పని లేదు. బ్రెడ్త్ స్పెసిఫికేషన్‌లో ఉన్న బ్రిడ్జి అంశాలు ఎన్నో లెక్కపెట్టి, హెచ్‌ఎల్-93 లోడింగ్ (బ్రిడ్జి డిజైన్‌కు తీసుకునే వాహనాల బరువు) గట్టిగా పట్టుకోండి. 8, 32, 32 కిప్స్ యాక్సిల్స్ ఉన్న ట్రక్కు, లేదా నాలుగడుగుల ఎడంలో 25 కిప్స్ యాక్సిల్స్ రెండు ఉన్న ట్యాండెమ్, దానితోపాటు అడుగుకు 0.64 కిప్స్ లేన్ లోడ్. కదలిక ప్రభావం కోసం ట్రక్కుకు 33 శాతం డైనమిక్ అలవెన్స్ కలుపుతారు, లేన్ లోడ్‌కు కలపరు. ఆ చివరి ముక్క మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

కోచింగ్ తీసుకోవాలా

ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ చదివేవాళ్లకు టైమ్‌టేబుల్ పెట్టేవాళ్లు ఒకరుంటే మేలే. డబ్బు కట్టాం కదా అన్న టెన్షన్ కూడా కొంత పనిచేస్తుంది. కానీ కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. క్లాసులు 2024 తర్వాత మళ్లీ రికార్డ్ చేశారా, లేక పాత వీడియోలకు కొత్త పేరు పెట్టారా? మీరు పంపిన డౌట్‌కు ఎన్ని రోజుల్లో, ఎవరు జవాబిస్తారు? ఫెయిలైతే వీడియోలు ఎంతకాలం తెరిచి ఉంటాయి? మూడో ప్రశ్న అడగడానికి అపశకునంలా అనిపిస్తుంది గానీ, నాలుగు సెక్షన్లూ ఒకేసారి దాటేవాళ్లు తక్కువ. నేను లేటరల్ రెండుసార్లు రాశాను. రెండోసారికి నా కోర్సు గడువు అయిపోయింది.

'పోయినసారి వచ్చిన ప్రశ్నలు' అని ఎవరైనా అమ్మజూపితే దగ్గరికి కూడా వెళ్లకండి. పరీక్షలో చూసినవి బయటపెట్టనని ప్రతి అభ్యర్థీ ఒప్పుకున్నాకే పరీక్ష మొదలవుతుంది. అవి కొనడం మీ లైసెన్సుతో ఆడుకోవడమే.

డెప్త్‌కు కావాల్సింది వేరు

బ్రెడ్త్‌కు వంద చిన్న సమస్యలు చేయాలి. డెప్త్‌కు పది పెద్ద సమస్యలు నింపాదిగా చేయాలి. ఒకే భవనాన్ని పట్టుకుని లోడ్ నుంచి మెంబర్‌కు, మెంబర్ నుంచి కనెక్షన్‌కు, అక్కడి నుంచి డీటెయిలింగ్‌కు వెళ్లే ఉదాహరణలున్న పుస్తకం దీనికి కావాలి. కాగితం రోజుల్లో వ్యాసంలా రాయాల్సిన మధ్యాహ్నం సమస్యల పుస్తకాలు పాతబడినా, ఆలోచన క్రమం నేర్చుకోవడానికి ఇప్పటికీ పనికొస్తాయి. ఎడిషన్ తేడాలు ఎర్ర పెన్నుతో దిద్దుకుంటూ చదవండి. ఆ దిద్దడమే ఒక మంచి అభ్యాసం.

ఎన్‌సీఈఈఎస్ ప్రాక్టీస్ ఎగ్జామ్ ఒకటి కొనండి, కొన్నాక దాన్ని తెరవకుండా దాచండి. ప్రశ్న అడిగే తీరు తెలుసుకోవడానికి రెండు మూడు చూస్తే చాలు. మిగతాది పరీక్షకు నెల ముందు, గడియారం పెట్టుకుని, కూర్చున్న చోటు నుంచి లేవకుండా చేయాలి. తెర సగం ప్రశ్న, సగం కోడ్ పీడీఎఫ్. కాలిక్యులేటర్ ఎన్‌సీఈఈఎస్ ఒప్పుకున్న జాబితాలోనిది మొదటి రోజే కొని, ఆఫీసు లెక్కలకు కూడా దాన్నే వాడండి.

షెల్ఫ్ తగ్గించడం

నెలన్నర చదివాక టేబుల్ మీద ఉన్నవన్నీ నేల మీద పరిచి చూడండి. ఒక్కో అంశానికి ఒక్క పుస్తకం మిగలాలి. కాంక్రీట్‌కు మూడు ఉంటే, మీరు ఆఖరి పదిహేను రోజుల్లో ఏది తెరిచారో అదే ఉంచి, రెండూ అటకెక్కించండి. నేను రెండోసారి లేటరల్‌కు చదివినప్పుడు నా దగ్గర ఉన్నవి ఇవే: కోడ్ పీడీఎఫ్‌లు, ఫీమా ఉదాహరణల్లో నాలుగు అధ్యాయాలు, వుడ్, మేసన్రీలకు ఒక్కో పుస్తకం, ఒక సమస్యల పుస్తకం, ప్రాక్టీస్ ఎగ్జామ్. వీటితోపాటు నేను చేసిన తప్పులు రాసుకున్న ఎనభై పేజీల నోటుబుక్కు. 115 మైళ్లు ఇంటూ 1.6 కథ దాని మొదటి పేజీలో ఉంది.

అక్కర్లేనివి అమ్మేయాలనుకుంటే త్వరగా అమ్మండి. పరీక్ష ఎడిషన్ మారితే వాటికి కొనేవాళ్లుండరు. అదే కారణంతో, రిజిస్ట్రేషన్ చేసుకునే రోజు ఆ డిజైన్ స్టాండర్డ్స్ పేజీని మళ్లీ ఒకసారి తెరవండి. గోడ మీద అంటించిన కాగితంతో వరుసవారీగా పోల్చి చూడండి. మీరు రాసే నెలకు ఏ ఎడిషన్ అమల్లో ఉంటుందో అక్కడే రాసి ఉంటుంది.